కుట్టుపని ప్రశ్నలు – జవాబులు: తెల్ల గుడ్డ మీద తెల్ల పువ్వులు

ప్రశ్న: మా అమ్మమ్మ పాత చీరలతో బొంతలు కుడుతుంటే పక్కన కూర్చుని కుట్టు నేర్చుకున్నాను. పెళ్లయ్యాక మగ్గం పని కూడా కొంత వచ్చింది. ఈమధ్య బంధువుల ఇంట్లో ఒక తెల్ల దుప్పటి చూశాను. దానిలో అతుకులు లేవు, రంగులు లేవు. తెల్ల దారంతో కుట్టిన పువ్వులు మాత్రం చేతికి తగిలేంత ఉబ్బెత్తుగా ఉన్నాయి. దానిని హోల్‌క్లాత్ క్విల్టు అంటారనీ, ఆ ఉబ్బెత్తు పనిని ట్రపుంటో అంటారనీ చెప్పారు. డబుల్ కాట్ మంచానికి సరిపడేటట్టు ఒకటి కుట్టాలని కోరిక. గుడ్డ, దూది ఎలాంటివి తీసుకోవాలి? పని ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: బొంత కుట్టిన చేతికి ఈ పని పూర్తిగా కొత్తది కాదు. పైగుడ్డ, నడుమ మెత్త, అడుగున అస్తరు అనే మూడు పొరలను కలిపి నడిపించే ముందుకుట్టే ఇక్కడా ఆధారం. అయితే బొంతలో చీరల రంగులూ అంచులూ కంటిని ఆకట్టుకుంటాయి కాబట్టి కుట్టు కొంచెం వంకర పోయినా ఎవరూ పట్టించుకోరు. హోల్‌క్లాత్‌లో అటువంటి చాటు ఏదీ లేదు. ఒకే రంగు గుడ్డ మీద కుట్టు పడిన చోట పల్లమూ, పడని చోట మెరకా ఏర్పడి, వాటి మీద పడే వెలుగునీడల వల్లనే పువ్వూ తీగా కనిపిస్తాయి. ఆ మెరకను ఇంకా పెంచడానికి, ఎంచుకున్న రేకుల్లోనూ కాడల్లోనూ విడిగా దూది లేదా ఊలు కూరడమే ట్రపుంటో. మాట ఇటలీ భాషది. పని కూడా చాలా పాతది: 14వ శతాబ్దం రెండవ సగంలో సిసిలీలో ట్రిస్టన్ కథను నార గుడ్డ మీద ఇలాగే ఉబ్బెత్తుగా కుట్టిన దుప్పటి ఒకటి ఇప్పటికీ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

మంచానికి సరిపడే దుప్పటి ఆలోచనను మాత్రం ప్రస్తుతానికి పక్కన పెట్టమని నా సలహా. చేతికుట్టుతో అది నెలల తరబడి సాగే పని. మొదటి నెలలో వేసిన కుట్టుకూ చివరి నెలలో వేసిన కుట్టుకూ మధ్య తేడా దుప్పటి మీదే కనిపిస్తుంది. 16 అంగుళాల దిండు గలీబు ఒకటి కుట్టండి. క్విల్టింగ్, అంటే మూడు పొరలనూ కలిపి కుట్టే పని, చేసే కొద్దీ గుడ్డ లోపలికి లాక్కుంటుంది కనుక నాలుగు వైపులా రెండేసి అంగుళాలు ఎక్కువ ఉంచి 20 అంగుళాల చదరం కత్తిరించుకోండి. తర్వాత ఎప్పుడైనా పెద్దది కుట్టాలనుకుంటే గుడ్డ పన్నా చాలక అతకవలసి వస్తుంది. అప్పుడు నిండు పన్నాను మధ్యలో ఉంచి, మిగిలిన దానిని రెండు పక్కలకూ సగం సగం అతికితే అతుకు నట్టనడుమ పడకుండా ఉంటుంది.

పైగుడ్డకు నున్నగా, కొద్దిపాటి మెరుపుతో ఉండే కాటన్ శాటిన్ గానీ, మంచి పాప్లిన్ గానీ తీసుకోండి. మన విశాఖలో జగదాంబ కూడలి, పూర్ణా మార్కెట్ వైపు దుకాణాలలో అడిగేటప్పుడు నూరు పాళ్లూ నూలు గుడ్డేనా అని నిర్ధారించుకుని, ఇంటికి తెచ్చాక గంజి పోయేదాకా ఉతికి ఆరేయండి. పొందూరు సన్న ఖద్దరు మనకు దగ్గరలోనే దొరుకుతుంది కదా అనిపించవచ్చు. నాకూ ఆ ఖద్దరంటే ప్రాణం. కానీ చేతి నూలులో సహజంగా ఉండే సన్నం లావుల తేడా కుట్టు వేసే నీడతో పోటీ పడుతుంది కనుక దానిని చేయి కుదిరాక వాడుకోవడం మంచిది. లోపలి అస్తరుకు మాత్రం పలుచని, నేత వదులుగా ఉన్న మల్‌మల్ కావాలి. ఎందుకో కింద చెబుతాను.

వరుస ఇది. పైగుడ్డ మీద బొమ్మ గీసుకుని, దాని అడుగున మల్‌మల్ పరిచి, రెంటినీ కచ్చా కుట్లతో కలపండి. ఈ దశలో దూది పొర ఉండదు. బొమ్మ గీతల మీద దగ్గర దగ్గరగా ముందుకుట్టు వేయండి. చేయి తిరిగినవారు అంగుళానికి ఎనిమిది నుంచి పది కుట్లు వేస్తారు. మీరు ఐదారుతో మొదలుపెట్టినా అన్నీ ఒకే కొలతలో ఉంటే చాలు. తర్వాత గుడ్డను తిరగవేసి, మల్‌మల్ పోగులను మొద్దు సూదితో మెల్లగా పక్కకు జరిపి, ఆ సందులోంచి చిటికెడు చిటికెడు దూదిని కూరండి. కూరాక పోగులను గోటితో మళ్లీ సర్దితే రంధ్రం మూసుకుపోతుంది. నేత గట్టిగా ఉంటే చిన్న గాటు పెట్టి తర్వాత కుట్టవలసి వస్తుంది. వదులు నేత అడిగింది అందుకే. కాడలకు దూది పనికిరాదు. రెండు సమాంతర కుట్ల మధ్య ఏర్పడిన సందులోకి మొద్దు సూదితో తెల్ల ఊలు దారం లాగాలి. మెలిక తిరిగే చోట సూదిని వెనకనుంచి బయటికి తీసి, అదే రంధ్రంలో మళ్లీ దింపి, చిన్న ముడుత వదిలితే ఉతికినప్పుడు కాడ బిగుసుకుపోదు. ఇదంతా అయ్యాకనే పలుచని దూది పొరా అసలు అస్తరూ చేర్చి, మూడింటినీ కచ్చా కుట్లతో బిగించి, నడుమనుంచి అంచుల వైపు క్విల్టింగ్ చేయాలి. మగ్గం ఫ్రేము వాడుకోవచ్చు; కానీ మగ్గం పనికి లాగినంత బిగువుగా లాగితే మూడు పొరల్లోంచి సూది పైకీ కిందికీ సులువుగా ఆడదు.

కూరడానికి బూరుగు దూది వద్దు. ఉతికితే ఉండలు కడుతుంది. మామూలు పత్తి దూది పాతకాలపు పద్ధతే అయినా, మన సముద్రపు గాలిలో లోపలి దూది ఆరడానికి రోజులు పట్టి, వానాకాలంలో బూజు వాసన వేస్తుంది. అందువల్ల దిండ్లలో నింపే పాలిస్టర్ ఫైబరే మీకు సులువు.

ప్రశ్న: బొమ్మను గుడ్డ మీదికి ఎలా దించుకోవాలి? కార్బన్ కాగితం వాడవచ్చునా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: కార్బన్ మరక తెల్ల గుడ్డను వదలదు. నీటితో పోయే నీలి పెన్ను మంచిది. అయితే ఆ గీతల మీద ఇస్త్రీ పెట్టె పెట్టకూడదు; వేడికి అవి స్థిరపడిపోతాయి. నా మొదటి గలీబు మీద ఒక తామర రేకు నీలంగానే మిగిలిపోయింది ఈ తొందర వల్లనే. గాలికి దానంతట అదే మాసిపోయే ఊదా పెన్ను తేమలో మరింత త్వరగా మాయమవుతుంది కనుక, మన ఊళ్లో సాయంత్రం గీసినది తెల్లవారేసరికి ఉంటుందని నమ్మలేము. బొమ్మకు మన ముగ్గుల కంటే దగ్గరి వనరు లేదు. మెలికల ముగ్గులోని గీతను జంట గీతగా గీసుకుంటే ఊలు లాగడానికి సరిపోతుంది. ప్రతి రేకు గీతా చుట్టూ కలిసిపోయే తామర ముగ్గు దూది కూరడానికి బాగుంటుంది. ఇంకొక మాట: పని ఆపేటప్పుడు సూదిని గుడ్డలో గుచ్చి వదలకండి. ఉప్పుగాలికి తుప్పు పట్టి, గుడ్డ మీద చుక్క పడుతుంది.

ప్రశ్న: చిన్న ముక్క మీద ప్రయత్నించాను. పువ్వులలో గట్టిగా దూది కూరినా అవి పొంగినట్టు కనిపించలేదు సరికదా, చుట్టూ గుడ్డ ముడతలు పడింది. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ

జవాబు: కొత్తవారిలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పువ్వు పొంగి కనిపించాలంటే లోపల దూది పెంచడం కంటే చుట్టూ నేలను, అంటే పువ్వు లేని ఖాళీ గుడ్డను, అణచడం ముఖ్యం. మీరు పంపిన ఫొటోలో పువ్వుల చుట్టూ కుట్టు లేదు; పొర అంతా ఒకే ఎత్తులో ఉంది. పువ్వు అంచు వెంబడి పావు అంగుళం ఎడంతో వరుసలు వరుసలుగా గానీ, సన్నని గళ్లుగా గానీ నేలంతా కుట్టితే, అదే దూదితో పువ్వు లేచి నిలబడుతుంది. ముడతలకు కారణం అతిగా కూరడం. లోపలి దూది గుడ్డను పైకి లాగితే పక్క గుడ్డ కూడా వెంట వస్తుంది. వేలితో నొక్కితే తగ్గి, తీస్తే మళ్లీ పొంగేంత చాలు. పెద్ద ముద్దగా కాకుండా, వేళ్లతో విడదీసిన చిన్న చిన్న పింజలను ముందు మూలల్లోకి, చివరికి మధ్యలోకి నెట్టండి. ఇప్పుడున్న ముక్కను పారేయవద్దు. వెనక పోగులు జరిపి సగం దూది తీసివేసి, నేలను కుట్టి చూడండి.

ప్రశ్న: చేతికుట్టుకు ఓపిక లేదు. మిషను మీద వీలవుతుందా?
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: అవుతుంది, వరుస మారుతుంది. పైగుడ్డ కింద మందపాటి వాడింగ్ (పొరగా దొరికే మెత్త) ముక్క పెట్టి, నీటిలో కరిగే దారంతో పువ్వు అంచు కుట్టి, అంచు బయట ఉన్న వాడింగ్‌ను మొద్దు మొన కత్తెరతో కుట్టు దాకా కత్తిరించేయాలి. అప్పుడు మామూలు పొరా అస్తరూ చేర్చి, మామూలు దారంతో అదే గీత మీద మళ్లీ కుట్టి, నేలను నింపాలి. పని పూర్తయ్యాక ఉతికితే మొదటి దారం కరిగిపోతుంది. ఆ దారాన్ని గాలి చొరని డబ్బాలో దాచండి. సూదిలోకి ఎక్కించేటప్పుడు కొసను నోట్లో తడిపే అలవాటును ఈ ఒక్క దారం దగ్గర మానుకోండి.