ప్రోగ్రామింగ్ సందేహాలు: గ్రిడ్‌లో కనిపించే పేరు వెతికితే దొరకదేం?

ఈసారి వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ టెక్స్ట్‌బాక్స్‌కూ టేబుల్‌కూ మధ్య ఇరుక్కున్నవే. వాటిలో నలుగురికి పనికొచ్చేవి ఏరి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: రొయ్యల మేత దుకాణానికి బిల్లింగ్ ప్రోగ్రామ్ రాశాను. విజువల్ బేసిక్ డాట్‌నెట్, ఎస్‌క్యూలైట్ డేటాబేస్ వాడాను. రైతుల పేర్లు తెలుగులో ఉన్నాయి. గ్రిడ్‌లో ‘ప్రసాద్’ కళ్లెదుటే కనిపిస్తుంది, అదే పేరు సెర్చ్ బాక్స్‌లో కొడితే ‘రికార్డు లేదు’ అంటుంది. అన్ని పేర్లకూ కాదు, కొన్నిటికే. (ఒక పాఠకుడు, భీమవరం)

జవాబు: ఆ ‘కొన్ని’ పేర్లను ఒక కాగితం మీద రాసి చూడండి. చాలావరకు పొల్లుతో ముగిసేవే అయి ఉంటాయి: ప్రసాద్, కుమార్, మోహన్. ‘లక్ష్మి’, ‘సత్యవతి’ లాంటివి మామూలుగానే దొరుకుతూ ఉండాలి. అదే నిజమైతే, పొల్లు వెనకాల కంటికి కనిపించని అక్షరం ఒకటి కూర్చుని ఉంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్ సంఖ్య 8204. ‘రాజ్‌కుమార్’ అని రాసినప్పుడు జ కింద క వత్తు పడకుండా ఆపేది ఇదే. పదం మధ్యలో దానికి పని ఉంది. చివర ఏ పనీ లేదు, అయినా కొన్ని తెలుగు కీబోర్డులు పొల్లుతో పాటు దాన్నీ దించేస్తాయి. వాట్సాప్‌లో వచ్చిన జాబితాను తెచ్చి అతికించి, వెతికేటప్పుడు వేరే కీబోర్డుతో కొడితే ఒకదానిలో ఆ అక్షరం ఉంటుంది, రెండోదానిలో ఉండదు. ఎస్‌క్యూలైట్ మామూలుగా బైట్లను పోలుస్తుంది. కాబట్టి దాని లెక్కలో ఇవి రెండు వేర్వేరు పేర్లు.

ఊహించి సరిదిద్దకండి, ముందు లోపల ఏముందో చూడండి. డేటాబేస్‌ను తెరిచి పేరు, లెంగ్త్(పేరు), హెక్స్(పేరు) మూడింటినీ సెలెక్ట్ చేయండి. ప్రసాద్ అంటే ప, పొల్లు, ర, స, దీర్ఘం, ద, పొల్లు. లెంగ్త్ 7 రావాలి. 8 వచ్చిందంటే దొంగ దొరికినట్టే. హెక్స్ కాలమ్ లోపలి బైట్లను చూపిస్తుంది, అందులో తెలుగు అక్షరం ఏదైనా ఈ0బీ0 లేదా ఈ0బీ1తో మొదలవుతుంది. చివర ఈ2808సీ అని ఉంటే అది తెలుగు అక్షరం కాదు, మనం చెప్పుకున్నదే. ట్రిమ్ వాడినా లాభం లేదు. డాట్‌నెట్ ట్రిమ్ ఖాళీలనే తీస్తుంది, దాని దృష్టిలో ఇది ఖాళీ కాదు.

టేబుల్‌లో ఉన్న పేర్లన్నిటి నుంచీ 8204ను తీసేస్తే పోలేదా అనిపిస్తుంది. అలా చేస్తే బిల్లు మీద రాజ్‌కుమార్ పేరు వత్తు పడి ప్రింటవుతుంది, మర్నాడు ఆయనే వచ్చి అడుగుతాడు. అసలు పేరును ముట్టుకోవద్దు. పక్కన ‘వెతుకుపేరు’ అనే కొత్త కాలమ్ పెట్టి, దానికి ఇండెక్స్ వేయండి. అందులోకి పంపే ముందు పేరును ఒక ఫంక్షన్ గుండా ఈ వరసలో నడపండి. మొదట నార్మలైజ్, ఫామ్ సీ. తర్వాత కంటికి కనిపించని 8203, 8204, 8205 సంఖ్యల అక్షరాలను ఖాళీ స్ట్రింగ్‌తో రీప్లేస్ చేయాలి. ఆపైన 160వ అక్షరాన్ని మామూలు స్పేస్‌గా మార్చాలి. ఇది వెబ్ పేజీల నుంచి కాపీ చేసినప్పుడు తోడొచ్చే ఖాళీ. చివరగా స్పేస్‌లన్నీ తీసేయండి. అప్పుడు ‘సుబ్బారావు’, ‘సుబ్బా రావు’ ఒకటైపోతాయి. నార్మలైజ్ ఎందుకంటే, ఐత్వాన్ని 3144 అనే ఒకే కోడ్‌గా రాయొచ్చు, 3142, 3158 అనే రెండు కోడ్‌లుగానూ రాయొచ్చు. తెర మీద తేడా తెలియదు. ఫామ్ సీ వాటిని ఒకటి చేస్తుంది.

సెర్చ్ బాక్స్‌లో కొట్టిన పేరును కూడా సరిగ్గా ఇదే ఫంక్షన్ గుండా పంపి, వెతుకుపేరుతో పోల్చండి. రెండు చోట్లా విడివిడిగా కోడ్ రాస్తే ఆరు నెలల్లో ఒకదాన్ని మార్చి రెండోదాన్ని మర్చిపోతారు. పాత రికార్డులకు కాలమ్ నింపేటప్పుడు ముందు డేటాబేస్ ఫైలును కాపీ తీసి పెట్టుకోండి. అప్‌డేట్లన్నిటినీ ఒకే ట్రాన్సాక్షన్‌లో (అన్నీ కలిపి ఒకేసారి ఖాయమయ్యే కట్టలో) పెట్టండి. లేకపోతే ప్రతి రికార్డుకూ ఎస్‌క్యూలైట్ డిస్క్ మీద విడిగా రాసి ఖాయం చేసుకుంటుంది, క్షణాల పనికి గంట పడుతుంది.

దీనితో తీరనిది ఒకటుంది. ‘రాం’, ‘రామ్’ ఒకటేనని ఏ ఫంక్షనూ నమ్మకంగా చెప్పలేదు. అందుకే రైతును పేరుతో వెతకడం ఆఖరి దారిగానే ఉంచాలి. మొబైల్ నంబరుతో వెతకండి, ఆ కాలమ్ టెక్స్ట్‌గా ఉండాలి. విజువల్ బేసిక్ ఇంటీజర్‌లో పట్టే పెద్ద సంఖ్య 2,14,74,83,647. తొమ్మిదితో మొదలయ్యే పది అంకెల నంబరు అందులో ఇమడదు. ఇంకొక మాట: పాత జాబితా అను ఫాంట్లలో కొట్టింది అయితే అది అసలు యూనికోడే కాదు, ముందు మార్పిడి చేసుకున్నాకే పైన చెప్పిందంతా.

ప్రశ్న: రైస్ మిల్లు ధాన్యం కొనుగోళ్లకు యాక్సెస్ డేటాబేస్ వాడుతున్నాం. తేదీ ఇచ్చి రిపోర్టు తీస్తే, నెలలో 13 నుంచి చివరిదాకా బాగానే వస్తుంది. 1 నుంచి 12 వరకు సంబంధం లేని లాట్లు వస్తున్నాయి, లేదా ఏమీ రావడం లేదు. (ఒక అకౌంటెంట్, తాడేపల్లిగూడెం)

జవాబు: 13 అన్న అంకెలోనే జవాబు ఉంది. తేదీని స్ట్రింగ్‌గా అతికించి, రెండు పక్కలా హాష్ గుర్తులు పెట్టి క్వెరీ తయారు చేస్తున్నారు. యాక్సెస్ ఎస్‌క్యూఎల్ ఆ గుర్తుల మధ్య ఉన్నదాన్ని ముందు నెల, తర్వాత రోజు అన్న వరసలో చదువుతుంది. మీ విండోస్‌లో తేదీ పద్ధతి ఇండియాది పెట్టుకున్నా దానికి పట్టదు. 05/12/2024 అని పంపితే అది మే 12. డిసెంబరు 5 నాటి సార్వా ధాన్యం అడిగితే మే నెల దాళ్వా లాట్లు వచ్చి పడేది అందుకే. 13/12 పంపితే పదమూడో నెల లేదు కనుక అదే తిప్పి చదువుకుని ఊరుకుంటుంది, తప్పని చెప్పదు. డిసెంబరు 12 మాత్రం సరిగ్గానే వచ్చి ఉండాలి, చూసుకోండి. 12/12ను ఎటు తిప్పినా ఒకటే.

తేదీని స్ట్రింగ్‌గా మార్చడమే మానేయండి. క్వెరీలో ‘కొన్నతేదీ >= ? అండ్ కొన్నతేదీ < ?’ అని రాసి, రెండు పారామీటర్లు ఇవ్వండి. ఓఎల్‌ఈడీబీలో (డాట్‌నెట్‌ను యాక్సెస్‌తో కలిపే వంతెన) పారామీటర్లకు పేరు పెట్టినా అది చూడదు, చేర్చిన వరసే చూస్తుంది. వరస తారుమారైతే ఎర్రర్ రాదు, ఖాళీ రిపోర్టు వస్తుంది. టైప్‌ను తప్పకుండా ‘ఓలేడీబీటైప్ డాట్ డేట్’ అని చెప్పండి. టైప్ చెప్పకుండా యాడ్‌విత్‌వాల్యూకు వదిలేస్తే, సెకను భాగాలతో ఉన్న ఇప్పటి సమయం పంపినప్పుడు ‘డేటా టైప్ మిస్‌మ్యాచ్’ అని ఆగిపోతుంది. మొదటి పారామీటర్‌కు డేట్‌టైమ్‌పికర్ విలువలోని డేట్ భాగం మాత్రమే ఇవ్వండి. రెండోదానికి ముగింపు తేదీకి ఒక రోజు కలిపి ఇవ్వండి. బిట్వీన్ వాడితే ఆఖరి రోజు మొదలయ్యే అర్ధరాత్రి 12 గంటల దగ్గరే లెక్క ఆగిపోతుంది, ఆ రోజు కాటా వేసిన లాట్లు రిపోర్టులోకి రావు.

అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. ఇన్సర్ట్ కూడా ఇలాగే స్ట్రింగ్ అతికించి చేసి ఉంటే, టేబుల్‌లోకి చేరిన తేదీలే తిరగబడి ఉన్నాయి. రిపోర్టును బాగు చేశాక అవి బయటపడతాయి. బిల్లు నంబరు వరసలో పేర్చి తేదీలు చూడండి. 410, 411, 412 బిల్లులు డిసెంబరులో ఉండి 413 ఒక్కటే మేలో కనిపిస్తే రోజూ నెలా తారుమారైనట్టే. వాటిని దిద్దేదాకా ఏ మొత్తాన్నీ నమ్మొద్దు.

ప్రశ్న: కొబ్బరి వ్యాపారానికి పాత వీబీ ప్రోగ్రామ్‌ను డాట్‌నెట్‌లోకి మార్చాం. గుమస్తా 1,25,000 అని కొడితే 1 రూపాయి అని సేవ్ అయింది. కీప్రెస్‌లో ఐస్‌డిజిట్‌తో తనిఖీ పెట్టినా ఒక్కోసారి ఎర్రర్‌తో పడిపోతోంది. (ఒక పాఠకురాలు, అంబాజీపేట)

జవాబు: వాల్ ఫంక్షన్‌ను అలాగే ఉంచి మార్చుకున్నట్టున్నారు. అది ఎడమ నుంచి చదువుతూ, అంకె కాని గుర్తు కనిపించగానే ఆగిపోతుంది. 1 తర్వాత కామా వచ్చింది, అక్కడితో సరి. ఎర్రర్ కూడా ఇవ్వదు. డబ్బు దగ్గర ఈ ఫంక్షన్ పనికిరాదు.

దాని బదులు డెసిమల్ ట్రైపార్స్ వాడండి, కానీ దానిలోనూ ఒక మెలిక ఉంది. మామూలు సెట్టింగులో అది కామాను ఒప్పుకుంటుంది, కామా ఎక్కడ ఉందో మాత్రం చూడదు. చుక్క బదులు వేలు జారి 75,5 కొడితే 755 అవుతుంది. నంబర్‌స్టైల్స్‌లో ‘అలౌ డెసిమల్ పాయింట్’ ఒక్కటే ఇచ్చి, కల్చర్‌ను ఇన్వేరియంట్‌గా పెట్టండి. అప్పుడు కామా ఉంటే ఒప్పుకోదు. కామాలను మీ ప్రోగ్రామే వేయాలి: బాక్సు వదిలి వెళ్లగానే భారతీయ కల్చర్‌తో 1,25,000 అని చూపించండి, తిరిగి బాక్సులోకి వచ్చినప్పుడు ఎంటర్ ఈవెంట్‌లో తీసేయండి. సున్నా ఎక్కువ పడితే గుమస్తా కంటికి అప్పుడే తెలుస్తుంది. ఏ మెసేజ్‌బాక్సుకన్నా ఇదే నయం.

ఇక ఐస్‌డిజిట్. తెలుగు అంకెలు ౧, ౨, ౩ కూడా యూనికోడ్ లెక్కలో అంకెలే, ఐస్‌డిజిట్ వాటికి అవునంటుంది. పార్స్ మాత్రం 0 నుంచి 9 వరకే తీసుకుంటుంది. తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉండగా అంకె కొడితే పడిపోయేది అందుకే. డాట్‌నెట్ రెజెక్స్‌లో (నమూనా ఇచ్చి అక్షరాలను పోల్చే పద్ధతి) అంకెలకు వాడే స్లాష్ డీ గుర్తుదీ ఇదే కథ, 0-9 అని విడమరిచి రాయాలి. పైగా మౌస్‌తో పేస్ట్ చేస్తే కీప్రెస్ అసలు రానే రాదు. తనిఖీని వాలిడేటింగ్ ఈవెంట్‌లో పెట్టండి. క్యాన్సిల్ బటన్‌కు కాజెస్‌వాలిడేషన్‌ను ఫాల్స్ చేయడం మరవకండి, లేకపోతే తప్పు అంకె కొట్టిన మనిషి ఆ బాక్సులోంచి బయటకు రాలేడు.

ప్రశ్న: మండలం ఎంచుకుంటే గ్రామాలు రావాలి. ఫారం తెరవగానే ‘డేటారోవ్యూను ఇంటీజర్‌గా మార్చలేం’ అని ఎర్రర్. (ఒక పాఠకుడు, అమలాపురం)

జవాబు: కాంబోబాక్స్‌కు డేటాసోర్స్ ముందు ఇచ్చి, వాల్యూమెంబర్ తర్వాత ఇస్తున్నారు. డేటాసోర్స్ ఇచ్చిన క్షణంలోనే సెలెక్టెడ్ ఇండెక్స్ మారి ఈవెంట్ నడుస్తుంది. అప్పటికి ఏ కాలమ్ విలువో తెలియక మొత్తం వరసనే (డేటారోవ్యూ అంటే అదే) చేతిలో పెడుతుంది. డిస్‌ప్లేమెంబర్, వాల్యూమెంబర్ ముందు, డేటాసోర్స్ చివర. లేదా సెలక్షన్‌చేంజ్‌కమిటెడ్ ఈవెంట్ వాడండి, అది మనిషి ఎంచుకున్నప్పుడే వస్తుంది.

గ్రామాన్ని పేరుతో కాకుండా కోడ్‌తోనే దాచుకోండి. కోనసీమలో పి.గన్నవరం ఉంది, కృష్ణా జిల్లాలో గన్నవరం ఉంది. పేరుతో వెతికితే ముందు ఏది దొరికితే అదే వస్తుంది. జిల్లా పేరును ప్రతి రికార్డులో రాసుకున్నవాళ్లకు 2022 ఏప్రిల్ 4న ఏమైందో తెలుసు. ముందు రోజు దాకా తూర్పు గోదావరిలో ఉన్న అమలాపురం కోనసీమ జిల్లా కేంద్రమైంది, పశ్చిమ గోదావరి కేంద్రం ఏలూరు నుంచి భీమవరం వచ్చింది. కోడ్ ఉంటే జిల్లాల టేబుల్‌లో కొత్త వరస చేర్చి, మండలాల టేబుల్‌లో ఒక్క కాలమ్ మారిస్తే సరిపోయేది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి గ్రామానికీ కోడ్ ఉంది. సొంతంగా నంబర్లు కనిపెట్టకుండా దాన్నే వాడండి.

ప్రశ్న: విజువల్ స్టూడియోలో రన్ చేసి రికార్డులు చేరిస్తే కనిపిస్తాయి. మళ్లీ రన్ చేస్తే మాయం. (ఒక విద్యార్థిని, పాలకొల్లు)

జవాబు: రికార్డులు బిన్ ఫోల్డర్‌లో ఉన్న కాపీలోకి వెళ్తున్నాయి. బిల్డ్ అయినప్పుడల్లా ప్రాజెక్టులోని పాత ఫైలు వచ్చి దాని మీద పడుతోంది. డేటాబేస్ ఫైలు ప్రాపర్టీస్‌లో ‘కాపీ టు అవుట్‌పుట్ డైరెక్టరీ’ని ‘డు నాట్ కాపీ’ చేసి, ఫైలును యాప్‌డేటా ఫోల్డర్‌లో పెట్టి, కనెక్షన్‌లో ఆ పూర్తి దారి ఇవ్వండి. ఎస్‌క్యూలైట్ అయితే దారి తప్పు ఇచ్చినా అడగకుండా కొత్త ఖాళీ ఫైలు సృష్టించుకుని, ఆపైన ‘నో సచ్ టేబుల్’ అంటుంది. కనెక్షన్ స్ట్రింగ్‌లో ‘ఫెయిల్ ఇఫ్ మిస్సింగ్’ను ట్రూ చేస్తే అసలు తప్పు ముందే తెలుస్తుంది. సిస్టమ్ డాట్ డేటా డాట్ ఎస్‌క్యూలైట్ లైబ్రరీ వాడేవాళ్లకు ఈ మాట.

ప్రశ్న: కొత్త సంవత్సరం ఖాళీ టేబుల్‌తో మొదలుపెడితే మొదటి బిల్లుకే ‘డీబీనల్‌ను మార్చలేం’ అంటోంది. మ్యాక్స్‌కు ఒకటి కలిపి బిల్లు నంబరు ఇస్తున్నాం. (ఒక దుకాణదారు, రాజమహేంద్రవరం)

జవాబు: ఖాళీ టేబుల్ మీద మ్యాక్స్ అడిగినా ఒక వరస వస్తుంది, అందులో విలువ నల్, అంటే ఏమీ లేదని. అందుకే ఎగ్జిక్యూట్‌స్కేలార్ డీబీనల్ ఇస్తుంది. వరసే దొరకని మామూలు వెతుకులాటలో అయితే నథింగ్ ఇస్తుంది. రెండింటినీ విడివిడిగా తనిఖీ చేయాలి. ఇక్కడ డీబీనల్ అయితే సున్నా అనుకుని ఒకటి కలపండి. దుకాణంలో రెండో కంప్యూటర్ ఉంటే ఈ పద్ధతి అసలు చెల్లదు. ఇద్దరూ ఒకే క్షణంలో మ్యాక్స్ చదివితే ఇద్దరికీ ఒకే నంబరు వస్తుంది. బిల్లు నంబరు కాలమ్‌కు యూనిక్ ఇండెక్స్ వేసి, ఇన్సర్ట్ తిరస్కరణకు గురైతే మళ్లీ మ్యాక్స్ చదివి మరోసారి ప్రయత్నించేలా రాయండి. నంబరును ఫారం తెరిచినప్పుడు కాదు, సేవ్ నొక్కినప్పుడే తీసుకోవాలి.