థాయ్‌లాండ్‌లో రామాయణం ఆట చూడబోయే ముందు

చి. ల. సౌ. బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. అందరూ కలిసి థాయ్‌లాండ్ వెళ్తున్నామన్న నీ మెసేజ్ చూశాను. ఫోన్లో చెబితే సగం వింటావు, సగం పిల్లల గొడవలో కొట్టుకుపోతుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. ప్రింటు తీసి అల్లుడి చేతికివ్వు.

ఏజెంటు పంపిన ప్లాన్ చదివాను. ఫుకెట్‌లో మూడు రాత్రులు, బ్యాంకాక్‌లో మూడు రాత్రులు, మధ్యలో ఒక సాయంత్రం "థాయ్ కల్చరల్ షో, డిన్నర్‌తో". ఏ షో? ఎక్కడ? పేరే లేదు. ముందు ఆ పేరు రాతపూర్వకంగా తెప్పించుకో. అక్కడ కల్చరల్ షో అనే మాట కింద చాలా అమ్ముతారు. హోటల్లో అన్నం తింటుంటే పక్కన నలుగురు అమ్మాయిలు గోళ్లకు ఇత్తడి తొడుగులు పెట్టుకుని నాట్యం చేసేదీ అదే. వేల మంది కూర్చునే హాల్లో మెరుపులు, ఉరుములు, గాల్లో ఎగిరే మనుషులతో జరిగేదీ అదే. పట్టాయాలో క్యాబరే షోను కూడా కొందరు ఇదే పేరుతో అంటగడతారు. చూసేవాళ్లు చూడొచ్చు, నాకేం అభ్యంతరం లేదు. కానీ మీ అత్తమామల్ని, అదే మా వదినగారినీ అన్నయ్యగారినీ, వెంటబెట్టుకుని వెళ్తున్నారు కదా, హాల్లో కూర్చున్నాక మొహమొహాలు చూసుకోవడం ఎందుకు?

ఇంకో మాట. "సియామ్ నిరమిత్ చూడండి, అద్భుతం" అని మీ ఆఫీసులో ఎవరైనా చెబితే, వాళ్లు చెప్పేది పాత సంగతి. ఆ షో బ్యాంకాక్‌లో రెండు వేల సీట్ల హాల్లో ఉండేది, దాని వేదిక ఎత్తు గిన్నిస్ రికార్డుకెక్కింది. కరోనా దెబ్బకు 2021లో శాశ్వతంగా మూసేశారు. వీడియోలు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటిని చూసి ఆశపడకండి.

ఫుకెట్‌లో పెద్దది అంటే కమలా బీచ్ దగ్గరున్న ఫ్యాంటసీ. మూడు వేల మంది పట్టే హాలు, దాని పక్కన నాలుగు వేల మంది ఒకేసారి తినగలిగే బఫే. పిల్లలకు నచ్చి తీరుతుంది. వెలుగులు, గారడీలు, రంగులు, అన్నీ ఉంటాయి. నన్నడిగితే అది థాయ్ సంస్కృతి కాదు, థాయ్ బట్టలు కట్టుకున్న సర్కస్. ఒక రాత్రి సరదాకు తప్పు లేదు. జంతువులతో ఆడించడం మీకు గిట్టకపోతే ఈసారి షోలో అవి ఏ మేరకు ఉన్నాయో అడిగాకే డబ్బు కట్టండి. షో వారంలో ఏ రోజుల్లో ఉందో కూడా కనుక్కో, అన్ని రోజులూ ఉంటుందని అనుకోవద్దు. బఫేతో కలిపి ఒక రేటు, షో ఒక్కదానికే ఒక రేటు ఉంటాయి. మీ ఇంట్లో ఇద్దరు మాంసం ముట్టరు కనుక షో ఒక్కటే తీసుకోవడం నయం. ఆ హాల్లోకి ఫోన్లు, కెమెరాలు రానివ్వరు, బయట కౌంటర్లో అప్పగించాలి. అందుకని లోపలికి వెళ్లేముందే, ఎవరైనా విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో ఒక గుర్తు పెట్టుకోండి. మూడు వేల మంది ఒక్కసారి బయటికొచ్చి ఫోన్ల కోసం ఎగబడుతుంటే అన్నయ్యగారు కంగారు పడతారు. తిరుగు ప్రయాణానికి బండి ముందే మాట్లాడుకోండి. కమలా నుంచి హోటళ్లుండే పటాంగ్ బీచ్‌కు కొండదారి, రాత్రిపూట అక్కడ టాక్సీవాడు చెప్పిందే రేటు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది బ్యాంకాక్ గురించి. అక్కడ ఖోన్ చూడండి. మిగతావి ఉన్నా లేకపోయినా ఇది వదలొద్దు.

ఖోన్ అంటే ముసుగులు పెట్టుకుని ఆడే రామాయణం. ఒకప్పుడు రాజుగారి కొలువులో ఆడేవాళ్లు, 2018లో యునెస్కో జాబితాకెక్కింది. పాత్రధారులు నోరు విప్పరు. పక్కన కూర్చున్నవాళ్లు పద్యాలు చదువుతారు, మాటలు చెబుతారు, పాడతారు. దానికి తగ్గట్టు వీళ్లు ఒంటితో చెబుతారు. వాళ్ల రామాయణాన్ని రామకియన్ అంటారు. ఇప్పుడు చలామణీలో ఉన్న పాఠం బ్యాంకాక్‌ను కట్టించిన మొదటి రామ అనే రాజు కాలంలో, 1797లో తయారైంది.

మీకు రెండు దారులున్నాయి. గ్రాండ్ ప్యాలెస్ టికెట్ విదేశీయులకు 500 బాత్. సాలా చలెర్మ్‌క్రుంగ్ అనే రాజుగారి థియేటర్లో ఖోన్ చూడటం కూడా అందులోనే కలిసి ఉంటుంది. ప్యాలెస్ నుంచి వాళ్ల బండిలోనే తీసుకెళ్తారు. చాలామంది ప్యాలెస్ చూసి, ఎండకు సొమ్మసిల్లి, ఆ టికెట్ ముక్కను జేబులోనే పెట్టుకుని హోటల్‌కు వెళ్లిపోతారు. డబ్బు కట్టి మరీ వదిలేసుకోవడం అన్నమాట. ఆట అరగంటే. పిల్లలకు విసుగు పుట్టేలోపే అయిపోతుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకానే ఉంటుంది కనుక ప్యాలెస్‌ను శని, ఆదివారాల్లో పెట్టుకోవద్దు. మీరు వెళ్లేది డిసెంబరు మొదటి వారం అన్నావు. 5వ తేదీ వాళ్లకు జాతీయ సెలవు, ఆ రోజు ఆట ఉందో లేదో కనుక్కున్నాకే ప్లాన్ వేసుకో.

రెండోది నిజంగా పెద్ద ఆట. క్వీన్ సిరికిట్ పోషణలో 2007లో మొదలైంది. సాధారణంగా నవంబరు, డిసెంబరు నెలల్లో థాయ్‌లాండ్ కల్చరల్ సెంటర్లో ఆడతారు. ఏటా రామకియన్‌లోంచి ఏదో ఒక ఘట్టం తీసుకుంటారు. వేదిక మీద కోటలు, రథాలు, పెద్ద పెద్ద యంత్రాలతో లేచే బొమ్మలు, గుంపులు గుంపులుగా కోతిసేన. తెర మీద ఇంగ్లీషులో కూడా మాటలు పడతాయి. మీ తేదీల్లో అది దొరికితే ఫ్యాంటసీ మానేసైనా దీనికి వెళ్లండి. అక్కడివాళ్లే తాతలను, మనవలను తీసుకుని వస్తారు కనుక టికెట్లు త్వరగా అయిపోతాయి. మెట్రోలో ఆ కల్చరల్ సెంటర్ పేరుతోనే స్టేషన్ ఉంది. సాయంత్రం పూట బ్యాంకాక్ రోడ్ల మీద కారును నమ్ముకుని థియేటర్‌కు బయల్దేరితే మొదటి అంకం ట్రాఫిక్‌లోనే గడిచిపోతుంది.

ఇప్పుడు వదినగారి సంగతి. ఆవిడ రోజూ సుందరకాండ పారాయణ చేసే మనిషి. కథ మనదే కదా అని కూర్చుంటే మధ్యలో గుండె జారిపోతుంది. ముందే కూర్చోబెట్టి చెప్పు. వాళ్ల హనుమంతుడు బ్రహ్మచారి కాదు. చలాకీవాడు, ఆడవాళ్లను చూస్తే మనసు నిలవదు. వారధి కడుతుంటే రావణుడి కూతురు, మత్స్యకన్య, ఆమె రాళ్లను లాగేస్తుంది. హనుమంతుడు పట్టుకోబోయి ప్రేమలో పడతాడు. విభీషణుడి కూతురితో ఇంకో కథ. ఆ అమ్మాయి రావణుడి మాటమీద చనిపోయిన సీత రూపం దాల్చి, రాముడు స్నానానికొచ్చే చోటికి నీళ్లలో కొట్టుకువస్తుంది. రాముడు కుప్పకూలిపోతాడు. హనుమంతుడికి మాత్రం అనుమానం వస్తుంది, శవం ఏటికి ఎదురు ఎలా వచ్చింది అని. చితి పేర్చి నిప్పు పెట్టిస్తే వేడి తాళలేక పొగతోపాటు పైకి ఎగురుతుంది. ఇది ఆడితే చూసి తీరాలి. నీళ్లలో తేలుతున్నట్టు ఆ నర్తకి నడుం కదలకుండా జారుకుంటూ రావడం ఒక ఎత్తు, రాముడి ఏడుపు ఒక ఎత్తు. కన్నీళ్లు లేవు, అరుపు లేదు. చెయ్యి నెమ్మదిగా లేచి కళ్ల దగ్గర ఆగుతుంది, అంతే.

సీత రావణుడి కూతురే అని కూడా వాళ్ల కథలో ఉంది. వదినగారు "అపచారం" అంటే "అత్తయ్యా, మనకూ మైరావణుడి కథ వాల్మీకంలో లేదు కదా" అను. ఆవిడకు ఆ కథంటే ప్రాణం. మైరావణుడు ఎత్తుకుపోకుండా మన హనుమంతుడు తోక పెంచి కోట కడతాడు చూడు, వాళ్ల హనుమంతుడు కొండంత పెరిగి రాముడి విడిదిని ఏకంగా నోట్లో పెట్టుకుంటాడు! పాతాళం దారిలో అడ్డుపడే హనుమంతుడి కొడుకు కూడా ఉన్నాడు, మన మత్స్యవల్లభుడిలాంటివాడే, కోతి ఒంటికి చేప తోక. ఈ పోలికలు ముందే చెబితే ఆవిడే పిల్లలకు పక్కన కూర్చుని వివరిస్తుంది. అలా కాకుండా తప్పులు పట్టే పనిలో పడితే మాత్రం అరగంటా అయిపోతుంది, ఏమీ చూడనట్టే.

పిల్లలకు గుర్తులు చెప్పు. పచ్చ ముసుగు, దాని పైన అంతస్తులుగా చిన్న చిన్న తలలు, వాడు రావణుడు. వాళ్లు తోత్సకాన్ అంటారు. రాముడి బట్టలూ పచ్చనివే, కానీ ముసుగు ఉండదు. మనుషులకు, దేవతలకు ఈ కాలంలో ముసుగులు పెట్టడం లేదు, తలపైన కిరీటమే. లక్ష్మణుడు పసుపు. తెల్ల కోతి హనుమంతుడు, ఎర్రవాడు సుగ్రీవుడు. చిన్నది కోతుల్ని వదలదు. ఆ పాత్రలు వేసేవాళ్లు గోక్కోవడం, తల తిప్పడం, ఉన్నట్టుండి పల్టీ కొట్టడం చిన్నతనం నుంచే నేర్చుకుంటారు. చదువు మొదటి మెట్టు ఏమిటో తెలుసా? బాసింపట్టు వేసుకుని తాళానికి తగ్గట్టు మోకాళ్ల మీద చరుచుకోవడం. నెలల తరబడి అదే పని.

యుద్ధంలో ఒక భంగిమ వస్తుంది, అప్పుడు పక్కవాళ్లతో మాట్లాడొద్దు. రావణుడు మోకాళ్లు పక్కలకు విరిచి కిందికి దిగుతాడు. రాముడు వాడి తొడమీద పాదం మోపి పైకి లేస్తాడు, రెండో కాలు వెనక గాల్లో ఉంటుంది, ఒక చేతిలో విల్లు. ఇద్దరూ అలా బొమ్మల్లా ఆగిపోతారు. కింద ఉన్నవాడి ముసుగు కళ్లకు ఉన్నవి చిన్న రంధ్రాలే, పైవాడి బరువంతా ఒక్క తొడ మీద. ఆ జరీ బట్టలు కూడా తేలికవి కావు, ఆటకు ముందు ఒంటిమీదే సూదీదారంతో కుడతారు. వీలైతే ముందు వరసలో కాక, నాలుగైదు వరసలు వెనక సీట్లు తీసుకో. మరీ ముందైతే పాదాలు కనిపించవు, ఈ ఆటలో సగం పాదాల్లోనే ఉంది.

ప్యాలెస్ పొద్దున్నే ఎనిమిదిన్నరకు తెరుస్తారు, అప్పటికే అక్కడుండండి. మరకత బుద్ధుడి గుడి చుట్టూ వసారా గోడల మీద 178 బొమ్మల్లో రామకియన్ అంతా గీశారు. అన్నీ చూడలేరు, చూడక్కర్లేదు కూడా. హనుమంతుడి నోట్లో విడిది ఉన్న బొమ్మ వెతకమని పిల్లలకు పోటీ పెట్టు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. మన చుడీదారు, చీర హాయి. అల్లుడు నిక్కరుతో బయల్దేరితే గేటు దగ్గరే ఆపేస్తారు. గేటు బయట ఎవరైనా వచ్చి "ఈరోజు ప్యాలెస్ మూసేశారు, వేరే గుడి చూపిస్తా" అంటే నవ్వి ముందుకు నడవండి. వాడి ఆటో ఆగేది నగల కొట్టు దగ్గరే.

సాలా చలెర్మ్‌క్రుంగ్ థియేటర్లో ఏసీ గట్టిగా ఉంటుంది. 1933లో కట్టినప్పుడే చల్లగాలి ఏర్పాటు చేసిన హాలు అది. అన్నయ్యగారికి శాలువా పెట్టు. ఆటకు ముందు రాజగీతం వస్తే అందరూ లేస్తారు, మీరూ లేవండి, పిల్లల్ని కూడా లేపండి. రాజకుటుంబం మీద జోకులు అక్కడ నవ్వులాట కాదు, చట్టం ఉంది. కాళ్లు ముందు సీటు మీద పెట్టకూడదు. ముసుగులను వాళ్లు గురువులుగా పూజిస్తారు. ఎక్కడైనా ప్రదర్శనకు పెట్టి ఉంటే పిల్లాడి తలకు తగిలించి ఫోటో తీద్దామనుకోవద్దు.

తిండికి భయం లేదు. థియేటర్ పక్కనే పాహురత్, మన పంజాబీల బట్టల బజారు, గురుద్వారా కూడా ఉంది. పప్పూ రొట్టె దొరుకుతాయి. మిగతా చోట్ల కూరగాయలే అన్నా చేపల రసం పోస్తారు. "జే" అని అడిగితే మాంసం, చేప, గుడ్డు ఏదీ లేకుండా చేస్తారు. అందులో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు కనుక వదినగారు అవి మానే రోజుల్లో కూడా పనికొస్తుంది. థియేటర్‌ను ఆనుకుని ఓల్డ్ సియామ్ ప్లాజా, కింది అంతస్తులో మిఠాయి కొట్లు. పెసరపప్పు ముద్దతో చేసి, చిట్టి మామిడిపళ్లలా, మిరపకాయల్లా రంగులేసినవి పిల్లలకు కొను. బంగారు దారాల్లా మెరిసేవి మాత్రం గుడ్డు సొనతో చేసినవి, వదినగారి ప్లేటులో పడనీయకు. వెనక్కి వెళ్లడానికి సామ్ యోత్ మెట్రో నడక దూరమే.

కల్చరల్ సెంటర్లో ఈ ఏడాది తేదీలు, ఏ ఘట్టం ఆడుతున్నారో చూసి నాకు మెసేజ్ పెట్టు. నీళ్లలో తేలే సీత కథ అయితే టికెట్ ఎంతైనా సరే తీసుకో, వదినగారి టికెట్ డబ్బు నేను వేస్తాను.

ఉంటాను,
పెద్దమ్మ