రాజమండ్రి నుంచి శంషాబాద్‌కు: టికెట్టు మీద చూపే సమయం, అసలు దూరం

రాజమండ్రి విమానాశ్రయం నుంచి శంషాబాద్‌కు గగనమార్గంలో దాదాపు 360 కిలోమీటర్లే ఉంటే, గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి టికెట్టు మీద గంటకు పైగా ఎందుకు చూపిస్తారని, విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరం నుంచి వెళితే సమయం కలిసివస్తుందా అని మీరు అడిగారు. అమలాపురం వైపు నుంచి ఈ రెండు చోట్లకూ వెళ్లి విమానం ఎక్కిన అనుభవంతో సమాధానం రాస్తున్నాను.

టికెట్టు మీద ఉండేది గాలిలో ఎగిరే సమయం మాత్రమే కాదు. విమానం నిలిచిన చోటు నుంచి కదలడం మొదలుకొని, అవతలి విమానాశ్రయంలో తనకు కేటాయించిన చోట ఆగేవరకు పట్టే మొత్తం సమయాన్ని అక్కడ చూపిస్తారు. విమానం నేల మీద రన్‌వే దాకా వెళ్లడం, వంతు కోసం ఆగడం, దిగాక శంషాబాద్‌లో టెర్మినల్ వరకు రావడం అన్నీ అందులోనే ఉంటాయి. పైగా ఏటీఆర్ 72 రకం పంకాల విమానం గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగాన్ని అందుకునేది పైకి చేరాక, నడిమి భాగంలోనే. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అంత వేగం ఉండదు. ఇంత చిన్న దూరంలో జెట్ విమానం ఎక్కినా, దాని వేగానికి తగినంత సమయం మిగలకపోవడానికి కారణం ఇదే.

శంషాబాద్ రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. గాలి పడమటి నుంచి వీస్తున్నప్పుడు మన వైపు నుంచి వెళ్లే విమానం దాదాపు నేరుగా దిగుతుంది. తూర్పు గాలి ఉన్న రోజున మాత్రం విమానాశ్రయాన్ని దాటి పడమటి వైపుకు పోయి, వెనక్కి తిరిగి దిగాలి. కిటికీ పక్కన కూర్చున్నవారు, ఊరు వచ్చేసినా ఇంకా దింపడేమిటని విసుక్కునేది ఆ రోజుల్లోనే.

ఇక గన్నవరం సంగతి. అక్కడి నుంచి శంషాబాద్‌కు గగనదూరం సుమారు 265 కిలోమీటర్లు, అంటే దాదాపు వంద కిలోమీటర్లు తక్కువ. అయితే నడిమి వేగంతో లెక్కిస్తే ఆ వందకు పట్టేది పన్నెండు నిమిషాలే. రెండు చోట్లా ఎక్కడానికీ దిగడానికీ పట్టే సమయం ఇంచుమించు ఒకటే కాబట్టి, అంతకు మించి ఆదా కాదు. ఆ పన్నెండు నిమిషాల కోసం అమలాపురం నుంచో మండపేట నుంచో గన్నవరం దాకా కారులో వెళ్లడం నా దృష్టిలో అర్థం లేని పని. ఏలూరు వారికి గన్నవరమే మేలు. భీమవరం వారికి రెండూ ఇంచుమించు సమానమే కనుక, టికెట్టు ధర చూసుకుని ఎంచుకోవచ్చు.

నిజానికి గోదావరి జిల్లాల వారికి సమయం పోయేది నేల మీదే. మధురపూడిలోని రాజమండ్రి విమానాశ్రయం నగరానికి ఉత్తరాన ఉన్నందున, కోనసీమ నుంచి వచ్చేవారు రావులపాలెం మీదుగా వచ్చి, నగరాన్ని కూడా దాటుకుని వెళ్లాలి. దేశీయ విమానాలకు సాధారణంగా బయలుదేరే సమయానికి గంట ముందే చెక్-ఇన్ ముగిస్తారు. అందువల్ల అమలాపురం నుంచి బయలుదేరేవారు విమాన సమయానికి కనీసం నాలుగు గంటల ముందు ఇల్లు కదలడం మంచిది. సంక్రాంతి రోజుల్లో వంతెనల దగ్గర వాహనాలు బారులు తీరతాయి కనుక మరో గంట కలుపుకోవాలి. డిసెంబరు, జనవరి నెలల్లో పొగమంచు వల్ల మధురపూడిలో ఉదయపు విమానాలు ఆలస్యమవుతుంటాయి. శంషాబాద్‌లో మరో విమానం అందుకోవలసి ఉంటే, ఆ రెండు నెలల్లో రెండు ప్రయాణాలనూ ఒకే టికెట్టు మీద తీసుకోండి, లేదా ముందురోజు సాయంత్రమే వెళ్లండి.