గంటస్తంభం సందులో అంబలి కొట్టు: పైసల్లేకుండా ప్రచారం

తమ్ముడూ, మన విజయనగరం గంటస్తంభం పక్క సందులో చోడి (రాగి) అంబలి కొట్టు పెట్టానని, ఫ్లెక్సీలకీ కేబుల్ యాడ్‌కీ డబ్బుల్లేవనీ రాశావు. వాటి జోలికే పోకు. 1984లో జే కాన్రాడ్ లెవిన్సన్ అనే అమెరికా రచయిత గెరిల్లా మార్కెటింగ్ అన్నది నీలాంటి చిన్న కొట్ల కోసమే: డబ్బు బదులు బుర్ర, ఓపిక పెట్టడం.

దసరా వెళ్లాక మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ. మూడులాంతర్ల నుంచి కోట దాకా జనం ఎండలో గంటలతరబడి నిలబడతారు. తాటాకు విసనకర్రలు కొని, ఒక్కోదాని మీదా ఎర్రరంగుతో ‘అలిసిపోతే అంబలి, గంటస్తంభం సందు’ అని నీ చేత్తోనే రాసి పంచు. కరపత్రమైతే కాళ్లకింద నలిగిపోతుంది, ఏటా చూస్తున్నా. విసనకర్ర ఇంటికెళ్తుంది.

ఆ విసనకర్రతో కొట్టుకి వచ్చినవాళ్లకి చిన్న గ్లాసు అంబలి, ఉల్లిపాయ ముక్క, ఊరమిరపకాయ ఊరికే ఇవ్వు. కోట గోడమీద మాత్రం ఏదీ అంటించకు, అది మన ఊరి పరువు. పోలీసులకి ముందే చెప్పుకో.