పైకప్పుల మీది కేకలు, అరుగుల మీది భజనలు

'నిరంకుశ ప్రభుత్వాలు వీధిలోకి వచ్చిన జనాన్నీ, గుడిలోనో మసీదులోనో కూర్చున్న భక్తులనూ ఒకే తీరుగా ఎందుకు అనుమానిస్తాయి?' అని ఇక్కడ ఒకరు అడిగారు. నేను రాజనీతి శాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను. కాని ఈ సంగతి నాకు పదేళ్ల వయసులోనే, నెల్లూరు జిల్లాలో బిట్రగుంటకు దగ్గరలోని మా ఊరి రామాలయంలో తెలిసివచ్చింది.

మా తాత శనివారం రాత్రుళ్లు భజన నడిపేవాడు. ఒక హార్మోనియం, ఒక మద్దెల, ఏడెనిమిది జతల తాళాలు, ఇరవైమందికి తక్కువ కాని జనం. రాజకీయమన్నది వాళ్ల నోట నేనెన్నడూ వినలేదు. చెరువు నీళ్లు, వేరుశనగ ధర, ఎవరి ఎద్దు ఎవరి చేలో పడింది, ఇవే మాటలు. 1975 జూన్ 25న అత్యవసర పరిస్థితి ప్రకటించారు. జూలై 4న ఆర్‌ఎస్‌ఎస్‌ను, జమాతే ఇస్లామీని, ఆధ్యాత్మిక సంస్థ అయిన ఆనందమార్గ్‌ను ఒకే దెబ్బకు నిషేధించారు. ఒకరి నీడ ఒకరికి గిట్టని ఆ సంస్థల వాళ్లు దేశంలోని చాలా జైళ్లలో ఒకే కప్పు కింద పడుకోవలసి వచ్చింది. విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టం కింద 34,988 మందిని పట్టుకున్నారని తర్వాత ఆ కాలపు అక్రమాలను విచారించిన షా కమిషన్ లెక్క తేల్చింది. మా ఊరి నుంచి ఒక్కరినీ పట్టుకోలేదు. అయినా భజన ఆగిపోయింది.

ఆ శ్రావణమాసంలో ఒక సాయంత్రం మునసబు మా ఇంటికి వచ్చి, పంచలో మంచం మీద కూర్చుని, మజ్జిగ పూర్తిగా తాగిన తర్వాతే నోరు విప్పాడు. "మామా, శనివారం గుడికాడికి వచ్చేవాళ్ల పేర్లు ఒక కాయితం మీద రాసియ్యి. నాకోసరం కాదు, పైనుంచి అడగతా ఉండారు. ఐదుగురు కూడితే తప్పంట" అన్నాడు. తాత ఎదురు చెప్పలేదు. నా రూళ్ల పుస్తకంలోంచి ఒక కాగితం చింపించి, తాను చెబుతుండగా నా చేతనే రాయించాడు. పదకొండో పేరు దగ్గర ఆగి, "వాడికి ఆడపిల్లలుండారు, వద్దులే" అని కొట్టేయమన్నాడు. కొట్టేసిన పేరు ఇంకా స్పష్టంగా కనిపిస్తుందన్న భయంతో నేను దాని మీద సిరా ఒలికించి, తాత చేత చీవాట్లు తిన్నాను.

ఆ శనివారం గుడిలో నలుగురే కూర్చున్నారు. మిగిలినవాళ్లు ఎవరి అరుగు మీద వాళ్లు చేరారు. తాత పల్లవి ఎత్తుకోగానే వీధి పొడుగునా చీకట్లోంచి వంతపాట వచ్చింది. దూరం వల్ల తాళం ఒకరితో ఒకరికి కలవలేదు. నా జీవితంలో అంతకంటే అధ్వాన్నమైన భజన వినలేదు, అంతకంటే గట్టిదీ వినలేదు. ఇలా మూడు వారాలు సాగింది. నాలుగో వారానికి అరుగులు ఖాళీ అయ్యాయి. పోలీసు రాలేదు, లాఠీ లేవలేదు. కాగితం ఒక్కటే పని చేసింది.

అందుచేత నా అభిప్రాయం ఇది: నియంతకు దేవుడితో పేచీ లేదు. తన అనుమతి అక్కర లేకుండా, ఫలానా రోజున ఫలానా చోట మనుషులు చేరే అలవాటుతోనే అతని పేచీ. 1999 ఏప్రిల్ 25న పదివేల మంది ఫాలున్ గాంగ్ అనే ధ్యాన పద్ధతి సాధకులు బీజింగ్‌లో పాలకుల నివాస ప్రాంగణం బయట నినాదమైనా లేకుండా నిలబడి వెళ్లిపోయారు. మూడు నెలలు తిరగకముందే, జూలై 22న, వారిపై నిషేధం పడింది. అంతమంది ఒకే రోజున, ఒకే చోటికి తనకు తెలియకుండా చేరగలగడమే ఆ ప్రభుత్వం కంటికి నేరమైంది. అదే చైనాలో నమోదు చేసుకుని, చెప్పినట్లు వినే చర్చిలకు స్థలమూ దొరుకుతుంది, గుర్తింపూ దొరుకుతుంది. బర్మా సైనిక పాలకులు పగోడాలకు బంగారు తొడుగులు చేయించినవారే. 2007లో భిక్షువులు సైనికుల చేతి భిక్షను నిరాకరించి వీధుల్లో నడవగానే, రాత్రివేళ ఆరామాల తలుపులు పగలగొట్టినవారూ వారే. మన దగ్గర కూడా వినోబా భావే పేరుతో చెలామణి అయిన 'అనుశాసన పర్వం', అంటే ఇది క్రమశిక్షణ కాలం, అన్న మాటను ప్రభుత్వం ఊరూరా ప్రచారం చేసుకుంది. పనికివచ్చే సాధువుకు పల్లకి, పనికిరాని సాధువుకు సంకెళ్లు.

ఇరాన్ రాజు షా 1975లో పార్టీలన్నిటినీ రద్దు చేసి ఒకే పార్టీ మిగిల్చాడు. కాని చనిపోయినవారికి నలభయ్యో రోజున జరిపే సంతాపాన్ని ఆయన రద్దు చేయలేకపోయాడు. 1978 జనవరి 9న కోమ్ నగరంలో కాల్పులు జరిగితే, నలభై రోజులకు ఫిబ్రవరి 18న తబ్రీజ్ భగ్గుమంది. అక్కడ చనిపోయినవారి నలభయ్యో రోజుకు మరికొన్ని ఊళ్లు లేచాయి. తేదీని నిర్ణయించినది ఏ నాయకుడూ కాదు, ఆచారం. రాత్రుళ్లు ఇళ్ల పైకప్పులెక్కి 'అల్లాహు అక్బర్' అని జనం కేకలు వేసేవారని చదివినప్పుడు నాకు మా వీధి అరుగులే గుర్తుకు వచ్చాయి. ఆ కేకల బలంతో షాను దించి గద్దెనెక్కిన మతపెద్దలే, బహాయీలనే అల్పసంఖ్యాక మతస్థులను జైళ్లలో కుక్కారు. 2009లో జనం అవే పైకప్పులెక్కి, అవే కేకలు తమ మీదనే వేసినప్పుడు వారికి ఆ కేకల్లో భక్తి వినిపించలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. అత్యవసర పరిస్థితి ప్రసక్తి వస్తే చాలు, అప్పట్లో రైళ్లు వేళకు నడిచేవని చెప్పే పెద్దమనుషులు మా వైపు ఇప్పటికీ ఉన్నారు. బిట్రగుంట రైల్వే ఊరు కాబట్టి అక్కడ ఈ పొగడ్త మరీ ఎక్కువ. 1977 ఎన్నికల్లో ఉత్తరాది అంతా కాంగ్రెస్‌ను ఊడ్చేస్తే, అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం 42 లోక్‌సభ స్థానాల్లో 41 దానికే ఇచ్చి, నంద్యాలలో నీలం సంజీవరెడ్డిని మాత్రం మినహాయించింది. రైళ్ల మీద ప్రేమతోనే ఓట్లు వేశారని నేననను. కాని మా వీధిలో ఆగిపోయినదాన్ని ఎవరూ నష్టం కింద లెక్కించలేదని మాత్రం అంటాను.

1977 మార్చిలో అత్యవసర పరిస్థితిని ఎత్తివేసిన తర్వాత, తాత హార్మోనియం దుమ్ము దులిపి, నన్ను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ఆ శనివారం ఐదుగురు వచ్చారు, తరువాతి వారం ముగ్గురు. అరుగు మీద అందరికంటే గట్టిగా వంత పాడినాయన మాత్రం గడప దిగలేదు. "ఆ కాయితం ఇంకా యాడో ఒకకాడ ఉంటది గదా మామా" అన్నాడు. ఆయనదే ఆ పదకొండో పేరు. దాన్ని నేను సిరాలో ముంచేశానని తాత ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు. కొన్నేళ్లకు గుడికి మైకు సెట్టు వచ్చింది. శనివారం రాత్రుళ్లు పూజారి క్యాసెట్ పెట్టి ఇంటికి వెళ్లేవాడు.