ఆరు రోజులు కఠిన డైట్‌, ఏడో రోజు చీట్‌ డే.. బరువు తగ్గుతామా?

ప్రశ్న: డాక్టర్‌ గారూ, నా వయసు 36 ఏళ్లు. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 88 కిలోలు. మూడు నెలలుగా సోమవారం నుంచి శనివారం వరకు రోజుకు 1,500 క్యాలరీలకు మించకుండా తింటున్నాను. తీపి, వేపుళ్లు పూర్తిగా మానేశాను. ఆదివారం మాత్రం చీట్‌ డే అనుకుని ఇష్టమైనవన్నీ తింటాను. ఏమేం తినాలో శనివారం రాత్రే రాసి పెట్టుకుంటాను. కడుపు నిండినా, మళ్లీ వారం దాకా దొరకదు కదా అని రాత్రి పడుకునే వరకు తింటూనే ఉంటాను. శనివారానికి కిలోన్నర తగ్గినట్టు కనిపించే బరువు సోమవారం ఉదయానికి దాదాపుగా తిరిగి వచ్చేస్తోంది. మూడు నెలల్లో తగ్గింది 3 కిలోలే. వారానికో రోజు ఇలా తింటేనే మెటబాలిజం మందగించదని నా స్నేహితుడు అంటాడు. ఆ ఒక్క రోజే నా కష్టాన్నంతా మింగేస్తోందని నా భార్య అంటుంది. ఇద్దరిలో ఎవరి మాట నిజం? ఆదివారం తిన్నదానికి సోమవారం ఉపవాసం ఉంటే సరిపోతుందా? నాకు బీపీ, షుగర్‌ లేవు, మందులేమీ వాడటం లేదు. రక్తపరీక్షలు చేయించుకుని ఏడాది దాటింది.

సలహా: మీరు రాసిన వాటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది బరువు సంగతి కాదు, కడుపు నిండిన తర్వాత కూడా తింటూనే ఉంటానన్న మాట. దాని దగ్గరకు తప్పకుండా వస్తాను. ముందుగా మిమ్మల్ని ప్రతి సోమవారం బాధపెడుతున్న ఆ కిలోన్నర గురించి చెబుతాను.

ఒక్క రోజులో కిలోన్నర కొవ్వు పెరగడం సాధ్యం కాదు. ఒంట్లో ఒక కిలో కొవ్వు చేరాలంటే, ఆ రోజు శరీరం ఖర్చు చేసుకున్నది పోగా సుమారు 7,700 క్యాలరీలు మిగలాలి. కిలోన్నర చేరాలంటే 11,500కు పైగా మిగలాలి. సోమవారం కనిపించే ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం నీరే. పిండిపదార్థాలను శరీరం గ్లైకోజెన్‌ రూపంలో కాలేయంలోనూ కండరాల్లోనూ దాచుకుంటుంది. దాచుకునే ప్రతి గ్రాముతో పాటు సుమారు 3 గ్రాముల నీటిని కూడా పట్టి ఉంచుతుంది. ఆరు రోజులు తక్కువగా తిన్నప్పుడు ఈ నిల్వ తరిగి, దానితో ఉన్న నీరు బయటకు పోతుంది. ఆదివారం తిన్న తర్వాత నిల్వ నిండి నీరు తిరిగి చేరుతుంది. దీనికి ఆ రోజు ఎక్కువగా పడిన ఉప్పు పట్టి ఉంచే నీరు, ఇంకా పేగుల్లోనే ఉన్న ఆహారం బరువు తోడవుతాయి. కాబట్టి శనివారం తగ్గిందనుకున్న కిలోన్నరలోనూ చాలా వరకు కొవ్వు కాదు, సోమవారం పెరిగిందనుకున్న దానిలోనూ కాదు. ఆ రెండు రోజుల అంకెలను పోల్చుకుని సంతోషించడం, కుంగిపోవడం రెండూ మానేయండి. రోజూ ఉదయం ఒకే సమయంలో బరువు చూసుకుని, ఏడు రోజుల సగటును అంతకు ముందు వారం సగటుతో పోల్చితే అసలు విషయం తెలుస్తుంది.

ఇక మీ భార్య మాట. మీ వయసు, ఎత్తు, బరువు ఉన్న ఒక మోస్తరు శ్రమ చేసే పురుషుడి శరీరం రోజుకు సుమారు 2,400 క్యాలరీలు ఖర్చు చేస్తుందనుకుందాం. మీరు 1,500 తింటే రోజుకు 900 చొప్పున ఆరు రోజులకు 5,400 క్యాలరీల లోటు ఏర్పడుతుంది. ఆదివారం మీరు 5,000 క్యాలరీలు తింటే (పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే వరకు తినేవారికి ఇది అసాధ్యమైన అంకె కాదు) అందులో 2,600 అదనం. అంటే వారమంతా కూడబెట్టిన లోటులో దాదాపు సగం ఒక్క రోజులో పూడిపోయింది. మిగిలిన 2,800తో వారానికి 360 గ్రాముల కొవ్వు తగ్గాలి, మూడు నెలలకు నాలుగున్నర కిలోలకు పైగా. మీరు తగ్గింది మూడు. కాబట్టి తప్పంతా ఆదివారం మీదకు నెట్టడం కూడా న్యాయం కాదు. బరువు తగ్గుతున్న కొద్దీ శరీరం ఖర్చు కొంత తగ్గించుకుంటుంది, మిగతా తేడా మీ ఆరు రోజుల లెక్కలోనే ఉండి ఉండవచ్చు. ఎంత తక్కువ తిన్నా తగ్గడం లేదని చెప్పే కొందరిని 1992లో అమెరికాలో జాగ్రత్తగా కొలిచి చూసినప్పుడు, వారు తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా చెప్పారని తేలింది. వారు అబద్ధం ఆడారని కాదు. వంటలో పడే నూనె, రుచి చూసిన ముద్ద, పిల్లలు వదిలేసింది పారేయలేక తిన్నది ఎవరి లెక్కలోకీ రావు.

మీ స్నేహితుడి మాట గాల్లోంచి పుట్టింది కాదు. కొవ్వు కణాల నుంచి లెప్టిన్‌ అనే హార్మోన్‌ విడుదలవుతుందని 1994లో కనుగొన్నారు. ఒంట్లో ఎంత నిల్వ ఉందో మెదడుకు చెప్పేది ఇదే. ఆహారం బాగా తగ్గించినప్పుడు, కొవ్వు ఇంకా అంతగా తరగకముందే లెప్టిన్‌ పడిపోతుంది. దాంతో ఆకలి పెరుగుతుంది, శరీరం పొదుపు మొదలుపెడుతుంది. మధ్యలో ఒక రోజు పిండిపదార్థాలు బాగా తింటే లెప్టిన్‌ మళ్లీ లేస్తుంది కదా అన్నది చీట్‌ డే వెనుక ఉన్న వాదన. లేస్తుంది, నిజమే. 2000లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆరోగ్యవంతులైన మహిళలకు మూడు రోజుల పాటు పిండిపదార్థాలతో 40 శాతం అదనపు ఆహారం ఇస్తే లెప్టిన్‌ 28 శాతం పెరిగింది, శరీరం ఖర్చు చేసే శక్తి 7 శాతం పెరిగింది. తిన్నది 40 శాతం ఎక్కువ, ఖర్చయింది 7 శాతం ఎక్కువ. మీ స్నేహితుడి వాదన ఈ రెండు అంకెల మధ్య ఆగిపోతుంది. తిండి మళ్లీ తగ్గించగానే ఆ లెప్టిన్‌ కూడా దిగిపోతుంది.

డైట్‌కు మధ్యలో విరామం ఇవ్వడం వల్ల మేలు జరిగిన సందర్భమూ ఉంది. ఆస్ట్రేలియాలో స్థూలకాయం ఉన్న పురుషులపై జరిగిన మటడార్‌ అధ్యయనంలో రెండు వారాలు డైట్‌, రెండు వారాలు విరామం చొప్పున సాగించినవారు, ఆపకుండా డైట్‌ చేసినవారి కంటే ఎక్కువ బరువు తగ్గారు. అయితే ఆ విరామంలో వారు ఇష్టం వచ్చినట్టు తినలేదు. బరువు పెరగకుండా, తరగకుండా ఉండేందుకు ఎంత కావాలో కొలిచి అంతే తిన్నారు. విరామం అనే మాట ఒకటే అయినా మీ ఆదివారానికీ దానికీ పోలిక లేదు.

ఒక్క రోజు సడలింపు ప్రేరణను నిలబెడుతుందా అన్న ప్రశ్నకు మాత్రం నేను అవుననే చెబుతాను. 2016లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో కొందరు రెండు వారాల పాటు రోజుకు 1,500 క్యాలరీలు తిన్నారు. మరికొందరు ఆరు రోజులు 1,300 చొప్పున, ఏడో రోజు 2,700 తిన్నారు. వారం మొత్తం ఇద్దరిదీ ఒకటే. బరువు ఇద్దరికీ దాదాపు ఒకేలా తగ్గింది, కానీ సడలింపు ఉన్నవారిలో కొనసాగించాలన్న ఉత్సాహం ఎక్కువగా నిలిచింది. ఇక్కడ గమనించాల్సింది ఆ రోజుకు కూడా ఒక హద్దు ఉండటం. తగ్గిన బరువును నిలుపుకోవడంలో మాత్రం అనుభవం వేరుగా ఉంది. బరువు తగ్గి ఏళ్ల తరబడి నిలుపుకొన్న అమెరికన్లను పరిశీలించి 2004లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, వారమంతా ఒకే తీరుగా తినేవారు మరుసటి ఏడాది కూడా బరువు పెరగకుండా చూసుకోగలిగే అవకాశం, సెలవు రోజుల్లో పట్టు సడలించేవారి కంటే ఒకటిన్నర రెట్లు ఎక్కువ.

ఇప్పుడు మీ ఆదివారం సంగతి. కొన్నేళ్ల క్రితం ఒకావిడ నా దగ్గరకు ఒక నోట్‌బుక్‌ తెచ్చారు. సోమవారం నుంచి శనివారం వరకు ప్రతి పేజీలో గ్రాములతో సహా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది. ఏడో పేజీ ఖాళీ. అలా ప్రతి వారమూ ఆరు నిండు పేజీలు, ఒక ఖాళీ పేజీ. ఎందుకు రాయలేదని అడిగితే, రాస్తే చూడాల్సి వస్తుందని అన్నారు. ఆవిడ లోపం ఖాళీ పేజీలో ఉందని అప్పుడు ఇద్దరం అనుకున్నాం. నెల తర్వాత తెలిసింది, అసలు చూడాల్సింది నిండిన ఆరు పేజీలనని. ఆ ఆరు రోజులు అంత బిగుతుగా లేకపోతే ఏడో రోజు అంతగా తెంచుకుని పోయేది కాదు.

ఇది మనోబలం లేకపోవడం కాదు. నిత్యం తిండిని అదుపు చేసుకునేవారికి ముందుగా మిల్క్‌షేక్‌ తాగించి, తర్వాత ఐస్‌క్రీమ్‌ ఇచ్చి చూసిన ప్రయోగం ఒకటి 1975లో జరిగింది. మిల్క్‌షేక్‌ తాగినవారు తాగనివారి కంటే ఎక్కువ ఐస్‌క్రీమ్‌ తిన్నారు. నియమం ఒకసారి తప్పిందనిపించగానే మునిగినవాడికి చలేమిటి అన్న ధోరణి వచ్చేస్తుంది. మీరు వారానికో రోజు ఆ తలుపు మీ చేతులతోనే తెరుస్తున్నారు, పైగా రేపటి నుంచి దొరకదన్న భయంతో తెరుస్తున్నారు. ఆకలి కంటే ఆ భయమే ఎక్కువ తినిపిస్తుంది.

అందుకే కొన్ని విషయాలు మిమ్మల్ని సూటిగా అడగాలి. ఆదివారం తినడం మొదలుపెట్టాక ఆపాలనుకున్నా ఆపలేకపోతున్నారా? ఎవరైనా చూస్తారని ఒంటరిగా తింటున్నారా? తిన్నాక మీ మీద మీకే అసహ్యం కలుగుతోందా? ఇలా అదుపు తప్పి తినడం వారానికి కనీసం ఒకసారి చొప్పున మూడు నెలలు సాగుతూ మనసును బాధిస్తుంటే, వైద్యులు దాన్ని బింజ్‌ ఈటింగ్‌ డిజార్డర్‌గా పరిగణిస్తారు. మీకు అది ఉందని ఈ ఉత్తరం చూసి నేను చెప్పలేను, చెప్పకూడదు. పై ప్రశ్నలకు జవాబు అవును అయితే మాత్రం డైట్‌ను పక్కన పెట్టి ముందుగా మానసిక వైద్యుడిని గానీ క్లినికల్‌ సైకాలజిస్ట్‌ను గానీ కలవండి. దీనికి మంచి చికిత్స ఉంది, దాచుకోవాల్సిన జబ్బు కాదు.

అలా లేకపోతే, ఆరు రోజులను కాస్త వదులు చేయండి. 1,500కు బదులు 1,800 క్యాలరీల దగ్గర పెట్టుకోండి. ప్రతి పూటా మాంసకృత్తులు, కూరగాయలు సరిపడా ఉంటే ఆకలి అదుపులో ఉంటుంది. పూర్తిగా మానేసిన తీపినో వేపుడునో వారం మధ్యలోనే, భోజనం చేశాక, చిన్న మోతాదులో తినండి. ఆదివారం రోజంతా కాకుండా ఒక పూట ఉంచుకోండి. నిజంగా ఇష్టమైనది ఒకటి ఎంచుకుని, కూర్చుని, నెమ్మదిగా తినండి. శనివారం రాత్రి జాబితా ఇక రాయవద్దు. చీట్‌ అంటే మోసం. ఇష్టమైనది తిన్నవాడు ఎవరినీ మోసం చేయలేదు, ఆ మాట ఇంట్లో వాడటం మానేస్తే మంచిదని మీ భార్యకు కూడా చెప్పండి. ఈ తీరులో వారానికి 300 నుంచి 400 గ్రాములు తగ్గినా మీకు చాలు. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం, అంటే మీకు నాలుగున్నర నుంచి తొమ్మిది కిలోలు తగ్గితేనే రక్తపోటు, చక్కెర, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వులు) చెప్పుకోదగ్గ మేర మెరుగుపడతాయి.

మీ ఉత్తరం చదివి ఇదే పద్ధతి పాటించాలనుకునే మధుమేహులకు ఒక హెచ్చరిక. ఇన్సులిన్‌ గానీ చక్కెరను తగ్గించే సల్ఫొనైల్‌యూరియా రకం మాత్రలు గానీ వాడేవారు మోతాదు సరిచేసుకోకుండా ఆరు రోజులు కడుపు మాడ్చుకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు, ఏడో రోజు అదుపు లేకుండా పెరగవచ్చు. గౌట్‌ (యూరిక్‌ ఆమ్లం పెరిగి వచ్చే కీళ్లవాపు) ఉన్నవారికి, ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువగా ఉన్నవారికి కూడా ఈ పద్ధతి తగదు.

మీ శరీర బరువు సూచీ (ఎత్తును బట్టి బరువును లెక్కించే బీఎంఐ) 30 దాటింది కాబట్టి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెర), కొలెస్ట్రాల్‌, కాలేయం, థైరాయిడ్‌ పరీక్షలు ఈ నెలలోనే చేయించుకోండి. సోమవారం ఉదయం మాత్రం వద్దు. ముందు రోజు బాగా తిని ఉంటే ట్రైగ్లిజరైడ్లు ఉన్నదాని కంటే ఎక్కువగా కనిపించవచ్చు. గురువారమో శుక్రవారమో ఇవ్వండి.

చివరగా సోమవారం ఉపవాసం గురించి. వద్దు. ఆకలితో గడిపిన సోమవారం వచ్చే ఆదివారాన్ని ఇంకా పెద్దది చేస్తుంది. ముందు రోజు ఎంత తిన్నా సరే, సోమవారం ఉదయం లేచి మామూలు వేళకు మామూలు అల్పాహారమే తీసుకోండి.