ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి ఆఫ్ అయిపోతోందన్న మేనకోడలికి

చిట్టితల్లీ,

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నాక రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. గంటల తరబడి కూర్చుని గీసిన బిల్డింగ్ మోడల్‌ని రెండర్‌కి, అంటే ఫోటోలాంటి బొమ్మగా మార్చడానికి, పెట్టగానే ల్యాప్‌టాప్ టప్పున ఆఫ్ అయిపోవడం, అదీ వారంలో నాలుగోసారి అంటే ఎవరికైనా ఏడుపే వస్తుంది. షాపతను మదర్‌బోర్డు పోయిందన్నాడనీ, నాన్నని డబ్బు అడగాలనీ అన్నావు. అడగకు. ఆ మాట నమ్మే ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి.

నువ్వు మాటల్లో మాటగా రెండు సంగతులు చెప్పావు. అసలు చార్జరు హాస్టల్లో పోతే, పిన్ను పట్టింది కదా అని బయట ఇంకొకటి కొన్నావు. అప్పటినుంచీ ఆన్ చేసిన ప్రతిసారీ నల్లతెర మీద చార్జరు గురించి ఏదో ఇంగ్లీషు వాక్యం వస్తుంటే ఎంటర్ కొట్టి దాటేస్తున్నావు. తల్లీ, ఆ వాక్యం పూర్తిగా చదువు. తనకి కావలసినంత కరెంటు అందడం లేదని మిషను తన నోటితో తనే చెబుతోంది.

ఇప్పుడు చార్జరు ఇటుకని తిరగెయ్యి. చిన్న అక్షరాలే, ఫోన్ టార్చి వేసుకో. ఇన్‌పుట్ అని 100-240 వోల్టులు ఉంటుంది, దాన్ని వదిలెయ్. అవుట్‌పుట్ అన్న చోట వోల్టులు, ఆంపియర్లు ఉంటాయి. రెండూ గుణిస్తే వాట్లు. 19.5 వోల్టులు, 4.62 ఆంపియర్లు అని ఉంటే అది 90 వాట్ల చార్జరు. తర్వాత ల్యాప్‌టాప్ అడుగున ఉన్న స్టిక్కరు చూడు. నీది విడిగా గ్రాఫిక్స్ కార్డున్న మిషను కాబట్టి అక్కడ 9.23 ఆంపియర్లు, అంటే 180 వాట్లు, ఉన్నా నేను ఆశ్చర్యపోను. ఒకే లావు పిన్నుతో 65 నుంచి 240 వాట్ల దాకా చార్జర్లు తయారుచేసే కంపెనీలున్నాయి. పిన్ను దూరినంత మాత్రాన చార్జరు సరిపోయినట్టు కాదు.

నోట్సు, యూట్యూబ్ చూసుకుంటున్నప్పుడు బాగానే ఉండి రెండర్‌లోనే ఎందుకు పోతోందంటావా? అమ్మమ్మ ఇంట్లో మేడమీద ట్యాంకు గుర్తుందా? కింద కుళాయి సన్నగా వచ్చినా ట్యాంకులో నీళ్ళున్నంతసేపూ స్నానాలకి ఇబ్బంది ఉండేది కాదు. బ్యాటరీ అలాంటి ట్యాంకు. ప్రాసెసరు, గ్రాఫిక్స్ రెండూ ఒక్కసారిగా పని అందుకున్నప్పుడు చార్జరు ఇవ్వలేని కాస్తా బ్యాటరీ పూడుస్తుంది. నీ బ్యాటరీ నాలుగేళ్ళది, సగం చచ్చి ఉంటుంది. ఆ భారమంతా చిన్న చార్జరు మీద పడితే అది తట్టుకోలేక తనని తాను కాపాడుకోవడానికి కరెంటు కట్ చేసుకుంటుంది. అంతే, తెర నల్లబడిపోతుంది.

వేడికి ఆగిపోవడం వేరు. అప్పుడు ఫ్యాను చాలాసేపు హోరెత్తుతుంది, కీబోర్డు పైభాగం చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, ఆ తర్వాత ఆగుతుంది. నీకేమో రెండర్ మొదలైన క్షణాల్లోనే పోతోంది. ఈసారి పోయినప్పుడు చార్జరు మీద చిన్న లైటు చూడు. అదీ ఆరిపోయి, గోడ ప్లగ్గు తీసి పెడితేగానీ వెలగకపోతే దొంగ దొరికినట్టే. చార్జరు పెట్టే ఉన్నా పని చేస్తుండగా బ్యాటరీ శాతం తగ్గుతూ పోవడం ఇంకో గుర్తు.

విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్, అంటే మిషను తనలో జరిగినవి రాసుకునే చిట్టా, తెరిస్తే ఎర్రగుర్తుతో కెర్నల్-పవర్ 41 అని కనిపిస్తుంది. దాన్ని చూసి భయపడి విండోస్ మళ్ళీ వేయించకు. సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని మాత్రమే దానర్థం, కారణం అది చెప్పదు. బ్యాటరీ సంగతి తెలియాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లీషులో కొట్టు. వచ్చిన ఫైల్లో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ పక్కపక్కన పెట్టి చూడు. రెండోది మొదటిదాంట్లో సగం కూడా లేకపోతే బ్యాటరీ మార్చే వేళయింది. టచ్‌ప్యాడ్ గానీ అడుగుభాగం గానీ ఉబ్బినట్టుంటే మాత్రం వెంటనే ఆపెయ్. ఉబ్బిన బ్యాటరీని నొక్కడం, గుచ్చడం ప్రమాదం.

ఇదంతా ఇంత పట్టుగా చెప్పడానికి కారణముంది. నేను షాపు పెట్టిన కొత్తలో ఒక కుర్రాడు ఫైనలియర్ ప్రాజెక్టున్న ల్యాప్‌టాప్ తెచ్చాడు, అచ్చం నీ బాధే. రెండుసార్లు ఫార్మాట్ చేశాను, ర్యామ్ మార్చాను, డబ్బు తీసుకున్నాను. మూడోసారి వచ్చినప్పుడు వాడి చార్జరు చేతిలోకి తీసుకుని లేబుల్ చదివాను. 90 వాట్ల మిషనుకి 65 వాట్లది పెట్టుకుని తిరుగుతున్నాడు. డబ్బు తిరిగిచ్చేశాను గానీ పోయిన వాడి ఫైళ్ళు ఇవ్వలేకపోయాను. ఆ పిల్లాడి మొహం ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజునుంచీ ఏ మిషను వచ్చినా ముందు చార్జరు చదవందే స్క్రూ విప్పలేదు.

కొనేటప్పుడు వోల్టులు సరిగ్గా అవే ఉండాలి. ఆంపియర్లు అంతే ఉండాలి, ఎక్కువున్నా పర్లేదు, మిషను తనకి కావలసినంతే లాక్కుంటుంది. తక్కువ మాత్రం వద్దు. లేబుల్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉన్నాయా చూడు. 180 అని రాసి ఉండి చేతిలో దూదిలా తేలిగ్గా ఉంటే వెనక్కిచ్చెయ్. పిన్ను మధ్యలో సూదిలాంటిది ఉంటే అది వంగకుండా చూసుకో, చార్జరు ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కి చెప్పేది అదే. అది విరిగితే అసలు చార్జరే అయినా మిషను గుర్తుపట్టదు, చార్జింగ్ ఎక్కదు, నత్తలా నడుస్తుంది. మీ రూమ్మేట్ టైప్-సి ల్యాప్‌టాప్‌కీ ఇదే వరస. ఫోను చార్జరు చాలదు, కేబులూ లెక్కలోకి వస్తుంది. 3 ఆంపియర్ల కేబుల్‌లో 60 వాట్లు మించి రావు.

కొత్తది వచ్చేదాకా పవర్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ని 99 చెయ్యి. టర్బో, అంటే ప్రాసెసరు అవసరానికి అదనంగా పెంచుకునే వేగం, ఆగిపోతుంది, కాస్త నెమ్మదిస్తుంది, ఒక్కసారిగా లాగడం తగ్గుతుంది. రెండర్ మాత్రం కాలేజీ ల్యాబ్‌లోనే చేసుకో. పది నిమిషాలకోసారి సేవ్ చెయ్యి, పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ ఉంచు. హాస్టల్లో కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే క్షణంలో కూడా ఆగిపోతుంటే అది చచ్చిన బ్యాటరీ పని. వార్డెన్‌ గారినడిగి ఇన్వర్టరు వెనక కరెంటు పోగానే ఇంకా తొందరగా అందుకునే యూపీఎస్ మోడ్ స్విచ్చి ఉందేమో చూడమను.

రెండు లేబుళ్ళూ ఫోటో తీసి ఇవాళే వాట్సాప్‌లో పెట్టు, అక్షరాలు కనబడేలా. సరైన చార్జరు నేనే చూసి, ఇక్కడ పరీక్షించి కొరియర్ చేస్తాను.

మీ మామయ్య